మొదటి రోజు పరిచయాలు ఎలా చేయిస్తే బాగుంటుంది?

వచ్చే వారం మొదటిసారి పాఠం చెప్పబోతున్నాను. తరగతిలో 45 మంది. ఒక్కొక్కరికి నిమిషం ఇచ్చినా ముప్పావు గంట పరిచయాలకే పోతుంది. పైగా పదో పేరు దాటాక ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు.

నేను చదువుకునే రోజుల్లో నా వంతు దగ్గరపడేకొద్దీ అరచేతులకు చెమట పట్టేది. చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో వల్లె వేసుకుంటూ, నాకు ముందు లేచిన అమ్మాయి పేరే వినలేదు. ఏడాదంతా ఆమెను పేరు పెట్టి పిలవకుండా నెట్టుకొచ్చాను! ఇది నా ఒక్కడి జబ్బు కాదు లెండి. తన వంతుకు కాస్త ముందు ఇతరులు చెప్పినవి సరిగా గుర్తుండవని మాల్కం బ్రెన్నర్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1973లోనే చూపించారు.

అందుకే ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరినొకరు పరిచయం చేయమందామని ఉంది. బిడియస్తులకు అది ఇంకా ఇబ్బందేమో? అట్టముక్క మీద పేరు రాయించి బల్ల మీద నిలబెట్టిస్తే చాలా?

ఇక నా సంగతి. డిగ్రీల చిట్టా విప్పితే గొప్పలకు పోయినట్టుంటుంది, పేరు చెప్పి ఊరుకుంటే ముభావంగా ఉంటుంది. ఎంతవరకు చెప్పుకోవాలి? పాఠాలు చెప్పినవారే కాదు, విన్నవారు కూడా మీ అనుభవం రాయండి.