ప్యాసివ్ టాలెంట్ పెట్టుకున్నవాడికి డ్యామేజ్ తక్కువ రావాలా?

పర్లాకిమిడి నుంచి:
వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్ల దగ్గర ఒక మాట తరచూ వింటున్నాను. బటన్లు ఎక్కువ నొక్కేవాడికే డ్యామేజ్ (శత్రువుకి తగిలే దెబ్బ) ఎక్కువ రావాలట, నొక్కే పనిలేకుండా దానంతటదే పనిచేసే ప్యాసివ్ టాలెంట్‌కి (మన పాత్రకి ఎంచుకునే శక్తికి) తక్కువ చాలట. నేను ఒప్పుకోను. తేడా ఉండనివ్వండి, కానీ కొంచెమే ఉండాలి. వాన పట్టిందంటే మా ఇంట్లో నెట్ పోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడితే పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి తిరిగొచ్చే ఆలస్యం, 300 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ రోజుల్లో ప్యాసివ్ టాలెంట్లతో కూర్చుకున్న బిల్డే నాకు దిక్కు.

బరంపురం నుంచి:
తమ్ముడూ, అంతా పింగ్ మీదకి తోసెయ్యకు. గ్లోబల్ కూల్‌డౌన్, అంటే ఒక స్పెల్ వేశాక తర్వాతిదానికి ఆగాల్సిన సమయం, మామూలుగా 1.5 సెకన్లు. అది పూర్తవడానికి 400 మిల్లీసెకన్ల ముందు నొక్కినా గేమ్ తర్వాతి స్పెల్‌ని వరసలో పెట్టుకుంటుంది. రొటేషన్ (స్పెల్స్ వేసే వరస) ఆగదు. కష్టపడి నేర్చుకున్నవాడికీ, నేర్చుకోనివాడికీ ఒకే డ్యామేజ్ వస్తే ఇక నేర్చుకోవడం ఎందుకు?

పర్లాకిమిడి నుంచి:
అన్నా, రొటేషన్ వరకు నువ్వన్నది నిజమే, ఒప్పుకున్నాను. మరి ఇంటరప్ట్ (శత్రువు స్పెల్‌ని మధ్యలో ఆపడం) సంగతి? బాస్ స్పెల్ మొదలుపెట్టడం కంటితో చూశాకే నొక్కాలి. అది మాకు కనిపించేదే ఆలస్యంగా.

ఇంకోటి. గేమ్ మొదటి రూపమైన పాత క్లాసిక్‌లో లెవెల్ 60కి 51 టాలెంట్ పాయింట్లు వచ్చేవి. అందులో చాలా టాలెంట్లు ఒకటో రెండో శాతం పెంచేవే. లెక్క కడితే ఏది మేలో తేలిపోతుంది, ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. 2012లో మిస్ట్స్ ఆఫ్ పండారియా అనే ఎక్స్‌పాన్షన్ (గేమ్ కొత్త భాగం) ఆరు టాలెంట్ వరసలు పెట్టి, వరసకి మూడింట్లో ఒకటి తీసుకోమంది. చాలా వరసల్లో ఒకే పనికి మూడు దారులు. చాలామంది తిట్టారు గానీ నాకు అదే నచ్చింది. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ ఎక్స్‌పాన్షన్ టాలెంట్ ట్రీలు మళ్లీ తెచ్చింది, క్లాస్‌కి ఒకటి, ఆ క్లాస్‌లో ఎంచుకునే స్పెక్‌కి ఒకటి. కొన్ని గడుల్లో రెండింట్లో ఒకటే తీసుకోవాలి. కనీసం అక్కడైనా రెండిటి బలం దగ్గరదగ్గరగా ఉండాలి కదా!

గుణుపురం నుంచి:
అన్నయ్యా, ప్యాసివ్ అంత గట్టిదైతే బటన్ నొక్కి వాడే యాక్టివ్‌ని ఎవరు ముట్టుకుంటారు? అందరూ ఒకటే బిల్డ్‌తో వస్తారు.

పర్లాకిమిడి నుంచి:
అందుకే సమానం అనలేదు తమ్ముడూ. చేయి తిరిగినవాడికి మూడు నాలుగు శాతం ఎక్కువ రానీ. పది శాతం తేడా వస్తే మాత్రం గుంపుగా బాస్‌లని కొట్టే రెయిడ్‌కి మమ్మల్ని పిలిచేవాడే ఉండడు. పోయిన వానాకాలం నాకదే జరిగింది. బిల్డ్ మార్చుకుంటేనే రమ్మన్నారు. మార్చుకుని వెళ్లాను. చార్ట్‌లో నా డ్యామేజ్ పెరిగింది, మూడు ఇంటరప్ట్‌లు తప్పాయి, మూడోసారికి హీలర్లు ఇద్దరూ చచ్చిపోయారు.