అప్‌డేట్: సోహో ఫొటోలో రెక్కలున్న ఆ వస్తువు ఏంటో తేలింది

అడిగింది ఇది: సూర్యుణ్ని గమనించే సోహో అంతరిక్ష నౌకలోని లాస్కో సీ3 కెమెరా ఫొటోలో, సూర్యుడి పక్కన రెండు వైపులా రెక్కలున్న పళ్లెంలాంటిది ఏంటి? పైన తెల్లటి గీత ఏంటి?

పళ్లెం శుక్రగ్రహమే. సీ3 సూర్యుడి చుట్టూ మసకగా ఉండే బయటి వాతావరణం (కరోనా) కోసం చేసిన కెమెరా, శుక్రుడి వెలుగు దానికి మరీ ఎక్కువ. సీసీడీలో, అంటే వెలుగును విద్యుత్ ఛార్జిగా మార్చే కెమెరా చిప్‌లో, పిక్సెల్ నిండిపోగానే అదనపు ఛార్జి పక్క పిక్సెళ్లలోకి పొర్లుతుంది, అదీ ఒకే వరసలో. అందుకే రెక్కలు ఎప్పుడూ అడ్డంగానే, చివరలు సన్నగా ఉంటాయి. దగ్గరగా చూస్తే రెక్క మందం రెండు మూడు పిక్సెళ్లే. నిజమైన వస్తువుకి అంత తిన్నటి అంచు రాదు.

నిర్ధారించుకోవాలంటే ఒక్క ఫొటో చాలదు. వరసగా రెండు రోజుల ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. నక్షత్రాలు రోజుకు దాదాపు 1 డిగ్రీ, అంటే సీ3లో 64 పిక్సెళ్ల దాకా, కుడివైపు జరుగుతాయి. గ్రహం వాటి వేగంతో కలవదు, దాని దారి దానిదే. ఆ తేదీకి స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి చుట్టుపక్కల చూస్తే పేరుతో సహా దొరుకుతుంది.

తెల్లగీత ఒక్క ఫ్రేములోనే ఉంది, ముందూ వెనకా లేదు. అది కాస్మిక్ కిరణం (అంతరిక్షం నుంచి మహా వేగంగా వచ్చే కణం) నేరుగా సీసీడీని తాకిన గుర్తు. సౌర తుఫానప్పుడు సూర్యుడి నుంచి వచ్చే కణాలు ఇలాగే వందలకొద్దీ పడి ఫొటో అంతా మంచు కురిసినట్టు అవుతుంది.

ఫొటోలోని నీలం రంగు కూడా తర్వాత వేసిందే, దాన్ని బట్టి ఏదీ తేల్చకండి.