తక్కువ రేటు ఇయర్‌ఫోన్స్: బేస్ లేదు, ఒకవైపు సౌండ్ తగ్గింది, పడేసి కొత్తవి కొనాలా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నావి వైరున్న ఇయర్‌ఫోన్స్, చెవిలోకి దూర్చుకునే రకం. ఖరీదైనవేం కాదు గానీ కొనేముందు ఎవర్నడిగినా ఆ రేటుకి సూపర్ అన్నారు. ఇప్పుడు మూడు తలనొప్పులు. బేస్ అస్సలు లేదు, పాట పీలగా వస్తోంది, విచిత్రం ఏంటంటే అవే మా ఫ్రెండ్ పెట్టుకుని బేస్ దంచేస్తోంది కదరా అంటాడు. రెండోది, కుడివైపు సౌండ్ మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి ఇప్పుడు ఎడమదాంట్లో సగం కూడా లేదు. మూడోది, నడుస్తుంటే వైరు చొక్కాకి రాసుకుని ఆ గరగర అంతా చెవిలోకే వచ్చేస్తోంది. ఈక్వలైజర్‌లో బేస్ పెంచి చూశా, పెంచేకొద్దీ పగిలిన సౌండ్ వస్తోంది తప్ప లాభం లేదు. బాగుచేసుకునే దారేమైనా ఉందా, లేక వీటిని వదిలేసి బ్లూటూత్‌కి పోవడమే మంచిదా?

జవాబు:
కొనడం సంగతి తర్వాత బ్రో, ముందు మీ ఫ్రెండ్ మాట పట్టుకోండి. అతనికి బేస్ వస్తోంది మీకు రావట్లేదు అంటే తేడా ఇయర్‌ఫోన్‌లో లేదు, చెవికీ రబ్బరు టిప్పుకీ మధ్య ఉంది. ఈ రకం ఇయర్‌ఫోన్స్‌లో టిప్పు చెవి రంధ్రాన్ని గాలి చొరబడకుండా మూసేస్తేనే బేస్ ఉంటుంది, చిన్న సందున్నా ముందు పోయేది బేసే, పైన ట్రెబుల్, అంటే సన్నటి సౌండ్ మాత్రం అలాగే ఉండిపోతుంది, అందుకే పీలగా అనిపిస్తోంది. పాట పెట్టి రెండువైపులా వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. ఒక్కసారిగా బేస్ వచ్చిందా, ఇక అనుమానం లేదు, టిప్పు సైజు తేడా.

పెట్టెలో చిన్నా మధ్యా పెద్దా మూడు సైజులు ఇస్తారు, నూటికి తొంభై మంది ముందే తగిలించి ఉన్న మధ్య సైజుతోనే జీవితం గడిపేస్తారు. మిగతావి తీసి చూడండి. రెండు చెవులకీ ఒకటే సైజు సరిపోవాలని రూలేం లేదు, ఒకవైపు మధ్యది ఇంకోవైపు పెద్దది పెట్టుకునేవాళ్ళు బోలెడుమంది. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కొంచెం పైకీ వెనక్కీ లాగి, ఇయర్‌ఫోన్‌ని కాస్త తిప్పుతూ లోపలికి పెట్టండి, లాగితే చెవి దారి తిన్నగా అవుతుంది. కూర్చుందో లేదో తెలియాలంటే నోరు పెద్దగా తెరవండి, దవడ కదిలినప్పుడు బేస్ మాయమైతే ఇంకా పట్టలేదని లెక్క.

ఈక్వలైజర్ విషయానికొస్తే, కారిపోయే బేస్‌ని ఎంత పెంచినా కారుతూనే ఉంటుంది. పైగా సిగ్నల్ హద్దు దాటి పగులుతుంది, మీరు విన్న పగుళ్ళు చాలావరకు అవే అయ్యుంటాయి. ఎప్పుడైనా సరే ఈక్వలైజర్‌లో ఒక బ్యాండ్, అంటే ఒక గీత పెంచితే, యాప్‌లో ప్రీఆంప్ అని మొత్తం సౌండ్ స్థాయి గీత ఉంటే దాన్ని అంతే మేర తగ్గించండి.

ఇంకొకరు:
కుడివైపు సౌండ్ తగ్గిందన్నారు కదా, దానికి ఒక్క నిమిషం పని. కుడిది ఎడమ చెవిలో, ఎడమది కుడి చెవిలో పెట్టుకోండి. తక్కువ సౌండ్ ఇప్పుడు ఎడమ చెవికి మారిందంటే ఆ పీసులోనో వైరులోనో ఫోనులోనో తేడా. అలా కాకుండా ఇంకా కుడి చెవిలోనే తక్కువుంటే తప్పు దానిది కాదు, మీ చెవిలో గుబిలి పేరుకుని ఉండొచ్చు, అప్పుడు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోవడమే. ఇయర్‌బడ్ పుల్లలతో మీరే కెలక్కండి, గుబిలి ఇంకా లోపలికి పోతుంది.

అలాగే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి ఎడమ కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడండి. వేలు తగిలి అది జరిగిపోయి ఉంటే ఎన్ని ఇయర్‌ఫోన్స్ మార్చినా అదే కథ.

ప్రశ్న అడిగినవారు:
నొక్కితే బేస్ వచ్చింది!! పెద్ద టిప్పులు ఎక్కడో డ్రాయర్‌లో దొరికాయి, కుడి చెవికి పెద్దది సరిపోయింది, ఎడమకి మధ్యదే బాగుంది. మార్చి చూశా, తక్కువ సౌండ్ పీసుతో పాటే ఎడమ చెవికి వచ్చేసింది, వేరే ఫోన్‌లో పెట్టినా అంతే. టిప్పు ఊడదీసి వెలుతురులో చూస్తే ఎడమదాని మూతి దగ్గర జాలీ తళతళ మెరుస్తోంది, కుడిదాని జాలీ మీద గోధుమరంగు పొర పట్టి సగం రంధ్రాలు కనపడట్లేదు. ఛీ. సూదితో గీకనా?

జవాబు:
సూది వద్దు సామీ! జాలీ చాలా పల్చగా ఉంటుంది, కొన్నిటికి అది జిగురుతో అతికించిన చిన్న బిళ్ళ, సూది తగిలితే చిరుగుతుంది లేదా లోపలికి పోతుంది, దాని వెనకే డ్రైవర్, అంటే సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్ ఉంది. నోటితో ఊదడం కూడా వద్దు, తేమ లోపలికి పోతుంది, పొడి చెత్త ఇంకా లోపలికి పోతుంది.

టిప్పు తీసేయండి. ఇయర్‌ఫోన్ మూతి నేలవైపు ఉండేలా తలకిందులుగా పట్టుకోండి, ఇదే ముఖ్యం, రాలినది కిందికి రాలాలి గానీ లోపలికి కాదు. పొడిగా ఉన్న మెత్తటి పిల్లల టూత్‌బ్రష్‌తో కిందనుంచి మెల్లగా రుద్దండి. గట్టిపడిపోయి ఊడకపోతే బ్రష్ కొసకి ఒకే ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి, విదిలించి, మళ్ళీ అలాగే మూతి కిందికి పెట్టి అద్దండి, కాసేపు అలాగే ఆరనివ్వండి. గోడకి పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్ద ఉంటుంది చూశారా, దాన్ని జాలీ మీద మెల్లగా అద్ది లాగినా చాలా చెత్త దానికి అంటుకుని వచ్చేస్తుంది, గట్టిగా కుక్కితే మాత్రం ముద్దే అందులో ఇరుక్కుంటుంది. రబ్బరు టిప్పుల్ని సబ్బునీళ్ళతో కడిగేయొచ్చు, పూర్తిగా ఆరాకే తగిలించండి, తడి టిప్పు చెవిలో పెట్టుకుంటే దురదలు ఇన్ఫెక్షన్లు.

ఇంకొకరు:
పనిలో పని, ఇయర్‌ఫోన్ ఒంటి మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది, కొన్నిటికి రెండు, దాన్ని కూడా చూడండి. చెమట, దుమ్ము దాంట్లో చేరి మూసుకుపోతే సౌండ్ తీరే మారిపోతుంది. కొంతమంది అది ఏదో లోపం అనుకుని టేపు వేస్తారు, వేయకూడదు.

ఇంకో సందేహం చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా, చెవిలో పెట్టుకుంటున్నప్పుడు లోపల ప్లాస్టిక్ కవర్ నలిగినట్టు కరకరమంటుంది కదా, అది గాలి ఒత్తిడికి డ్రైవర్ పొర వంగి మళ్ళీ లేస్తున్న చప్పుడు. చవక వాటిల్లో బాగా కనపడుతుంది. మెల్లగా పెట్టుకుంటే సరిపోతుంది, అదొక్కటే కారణంగా వెనక్కి పంపేయక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
బ్రష్ పనిచేసింది, చుక్క ఆల్కహాల్ కూడా వాడాల్సొచ్చింది. రెండువైపులా సమానంగా వస్తోంది ఇప్పుడు, గొంతు సరిగ్గా నడినెత్తిన వినిపిస్తోంది, ఇన్నాళ్ళూ ఎడమ చెవి పక్కన కూర్చుని పాడినట్టుండేది. వైరు గరగర సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఇవే ఇయర్‌ఫోన్స్ పాత ల్యాప్‌టాప్‌లో పెడితే మ్యూజిక్ వస్తుంది గానీ పాడేవాళ్ళ గొంతు మాయం, డొల్లగా ఎక్కడో దూరంగా ఉంటుంది. ఫోన్‌లో బాగానే ఉంది.

జవాబు:
గరగరకి: వైరుని తిన్నగా కిందికి వదలకుండా చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకోండి. అప్పుడు వైరు కదలిక చెవి పైన ఆగిపోతుంది, పీసు దాకా రాదు. మామూలుగా తిన్నగా పెట్టుకునే మోడల్ అయినా చాలావాటికి ఎడమది కుడి చెవిలో కుడిది ఎడమ చెవిలో పెడితే ఇలా కుదురుతుంది, ఎడమ కుడి తారుమారవుతాయి అంతే, పాటలకి పెద్ద తేడా తెలీదు, గేముల్లో మాత్రం శత్రువు ఇటునుంచి వస్తుంటే మీరు అటు తిరుగుతారు. రెండు వైర్లూ కలిసేచోట జారే పూస ఉంటే గడ్డం కిందికి లాక్కోండి, చొక్కా క్లిప్పు ఉంటే తగిలించండి. నడిచేటప్పుడు అడుగుల చప్పుడు ధబ్ ధబ్ అని తలలో వినిపించేది మాత్రం పోదు, చెవి మూసుకుంటే మన ఒంట్లో చప్పుడే మనకి పెద్దగా వినిపిస్తుంది, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని మాట్లాడి చూడండి తెలుస్తుంది.

ఇక గొంతు మాయం అయ్యేది, ఇది నాకు బాగా ఇష్టమైన జబ్బు. మైకున్న ఇయర్‌ఫోన్స్ 3.5 ఎంఎం పిన్నుని దగ్గరగా చూస్తే మూడు నల్ల గీతలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. కొసన ఎడమ, తర్వాత కుడి, మిగతా రెండిట్లో ఒకటి గ్రౌండ్, అంటే రెండు స్పీకర్ల కరెంటూ తిరిగి వెళ్ళే దారి, ఒకటి మైకు. గ్రౌండ్ సరిగ్గా తగలకపోతే కరెంటు ఒక స్పీకర్‌లోంచి ఇంకో స్పీకర్‌లోకి పోయి రెండు ఛానెళ్ళ మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. పాటల్లో గొంతుని రెండువైపులా సమానంగా పెడతారు కాబట్టి తేడా సున్నా, గొంతు మాయం. అటో ఇటో ఉన్న వాయిద్యాలు, ఎకో మిగిలిపోతాయి.

ఇప్పుడు పాట పెట్టి, వైరు మీద మైకు బటన్ నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపూ గొంతు తిరిగొస్తే, ల్యాప్‌టాప్ గ్రౌండ్ మైకు రెంటినీ మీ ఇయర్‌ఫోన్‌కి తారుమారుగా చూస్తోందన్నమాట. ఆ రెంటికీ రెండు పద్ధతులున్నాయి, సీటీఐఏ అని ఓఎంటీపీ అని, ఇప్పటి ఫోన్లన్నీ దాదాపు మొదటిదే, పాత పరికరాల్లో రెండోది తగులుతుంటుంది. మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. బటన్ నొక్కినా మారకపోతే పిన్ను పూర్తిగా లోపలికి దిగట్లేదేమో చూడండి, జాక్ అడుగున దుమ్ము, జేబులో నూలు పేరుకుంటే ఒక్క ఎంఎం తక్కువ దిగినా ఇదే గోల. మెషీన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో తీయండి, లోహపు వస్తువులు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
బటన్ నొక్కినా మారలేదు, జాక్‌లోంచి టూత్‌పిక్‌తో ఉండచుట్టుకుపోయిన బూడిదరంగు నూలు వచ్చింది, పిన్ను టక్‌మని దిగింది, గొంతు వచ్చేసింది. ఇక బ్లూటూత్ సంగతి చెప్పండి, ఇవి బాగయ్యాయి కాబట్టి తొందరేం లేదు గానీ కొత్త ఫోన్‌లో జాక్ ఉండదేమో అని భయం.

ఇంకొకరు:
జాక్ లేకపోతే యూఎస్‌బీ సీ అడాప్టర్ ఉంది కదా. కొనేటప్పుడు లోపల డీఏసీ ఉన్నదే తీసుకోండి, అంటే డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే చిప్. ఉత్తి వైరు అడాప్టర్లు కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి, ఫోన్ తనే సీ పోర్టులోంచి అనలాగ్ సౌండ్ పంపగలిగితేనే. చిప్పున్నదైతే దాదాపు అన్నిటికీ పోతుంది. ఇలాంటి ఇయర్‌ఫోన్స్ కరెంటుకి పెట్టే అడ్డు చాలావరకు 16 నుంచి 32 ఓమ్స్ మధ్యే ఉంటుంది, వాటిని ఆడించడానికి పెద్ద ఆంప్లిఫయర్ ఏమీ అక్కర్లేదు, ఆ చిన్న అడాప్టరే చాలు.

బ్లూటూత్‌లో సుఖం ఉంది, కాదనను, వైరు గోల లేదు. కానీ బ్యాటరీ చిన్నది, అరిగిపోయాక చవకవాటిల్లో మార్చడం అయ్యేపని కాదు, వైరుదైతే అలా వయసైపోదు. ఇంకో ముఖ్యమైన విషయం, ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే సౌండ్ ఒక్కసారిగా పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతుంది చూశారా, మైకు ఆన్ అయ్యేసరికి మామూలు బ్లూటూత్ కాల్ మోడ్‌కి మారిపోతుంది, ఆ మోడ్‌లో సౌండ్ బాగా కుదించుకుపోతుంది. సెట్టింగ్స్‌లో మైకుగా ల్యాప్‌టాప్ మైకునే పెట్టుకుంటే సౌండ్ మళ్ళీ మామూలవుతుంది.

జవాబు:
కొత్తవి కొనే రోజు వస్తే డ్రైవర్లు ఎన్ని అని లెక్కపెట్టి కొనకండి. ఒకవైపుకి నాలుగైదు డ్రైవర్లు అని పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, డైనమిక్ అనే మామూలు రకం డ్రైవర్ ఒక్కటే పెట్టి సరిగ్గా ట్యూన్ చేసినదాని ముందు అవి వెలవెలబోవడం మామూలే. దానికంటే వైరు ఊడేదా కాదా చూడండి, ఎందుకంటే ఇవి చచ్చేది ఎక్కువగా వైరు దగ్గరే, పిన్ను మెడ దగ్గరో పీసులోకి దూరే చోటో లోపల రాగి తీగ తెగుతుంది. ఊడేదైతే వైరు మారిస్తే చాలు. మూన్‌డ్రాప్ అనే కంపెనీ ఇయర్‌ఫోన్స్ ‘చూ’ ఉన్నాయి, వాటి మొదటి మోడల్‌కి వైరు ఊడేది కాదు, ‘చూ 2’కి ఊడేలా మార్చారు, ఒకే పేరున్నా ఇంత తేడా ఉంటుంది. వైరు కొనేటప్పుడు సాకెట్ రకం చూసుకోండి, 0.78 ఎంఎం రెండు పిన్నులదా, ఎంఎంసీఎక్స్ అనే గుండ్రటిదా అని, ఒకటి ఇంకోదానికి పట్టదు. లాగేటప్పుడు వైరు పట్టి కాదు, పిన్ను పట్టుకుని లాగండి, ఫోను చుట్టూ బిగించి చుట్టకండి, వదులుగా చుట్టి చిన్న డబ్బాలో పెట్టేయండి.

ఇంకొకరు:
టిప్పు సరిగ్గా కుదిరింది అన్నారు కాబట్టి ఒక మాట, వాల్యూమ్ ఇదివరకు ఎక్కడ పెట్టేవారో అక్కడే పెట్టకండి. ఇప్పుడు బయటి రొద ఆగిపోయింది, తక్కువలోనే అన్నీ వినపడతాయి. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, అదే 90కి వెళితే వారానికి 4 గంటలే. పది డెసిబెల్స్‌కి ఇంత తేడా అని చాలామందికి తెలీదు. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం ఒకటి తీసేయండి, వెనక హారన్ అస్సలు వినపడదు.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, ఇదివరకటి వాల్యూమ్‌లో పెడితే తల అదిరిపోయింది, చాలా తగ్గించా. ఆఖరి సందేహం, ఫోమ్ టిప్పులు మంచివంటున్నారు, మార్చమంటారా? నిన్న పెద్ద రబ్బరు టిప్పు తీస్తుంటే ఊడి చెవిలో ఉండిపోయినంత పనైంది, గుండె ఆగింది.

జవాబు:
ఫోమ్ బాగా మూస్తుంది, వేళ్ళతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి ఉబ్బేదాకా ఆపితే చాలు. కాకపోతే కడగడానికి కుదరదు, కొన్నాళ్ళకి గట్టిపడి పోతుంది, ట్రెబుల్ కొంచెం మెత్తబడుతుంది. స ష లు చెవిలో గుచ్చుకునే ఇయర్‌ఫోన్స్‌కి అది వరమే, మీవి అలా గుచ్చట్లేదు కాబట్టి నన్నడిగితే రబ్బరుదే ఉంచుకోండి. ఊడిపోవడం సంగతి చూడాలి, టిప్పు మెడ మూతి మీద వదులుగా ఉందంటే అది వేరే మోడల్‌ది అయ్యుండొచ్చు, డ్రాయర్‌లో దొరికిందన్నారుగా. మూతి చివర ఉన్న చిన్న అంచు దాటి లోపలికి ఎక్కిందో లేదో చూసుకోండి. ఒకవేళ నిజంగా చెవిలో ఉండిపోతే పిన్నులు చిమటాలతో ప్రయత్నించకుండా తిన్నగా డాక్టర్ దగ్గరికి పొండి, వాళ్ళకి అది రోజూ ఉండే పనే.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, ఎక్కలేదు, అంచు మీదే ఆగిపోయింది. గట్టిగా తోస్తే టప్‌మని కూర్చుంది, ఇప్పుడు లాగినా రావట్లేదు. అందరికీ థాంక్స్.