ఏసీ లేని గదిలో కంప్యూటర్‌కి కస్టమ్ వాటర్ కూలింగ్, కేస్ (క్యాబినెట్) ఏది కొనాలి?

రాయగడ స్టూడియో:
పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి కొత్త సిస్టమ్ కడుతున్నాను. ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4080. రెండింటికీ బ్లాకులు (వేడిని నీళ్లకి అందించే రాగి దిమ్మెలు) పెట్టి కస్టమ్ లూప్, అంటే పంపు, గొట్టాలు, రేడియేటర్ విడివిడిగా కొని కలిపే నీళ్ల చుట్టు, వేయాలని ఉంది. స్టూడియోలో ఏసీ లేదు, మే నెలలో గది 38 డిగ్రీలు దాటుతుంది. కేస్ లియాన్ లీ ఓ11 డైనమిక్ ఈవోనా, ఫ్రాక్టల్ టోరెంటా తేల్చుకోలేకపోతున్నాను. గాజు కేస్ అయితే వచ్చిన కస్టమర్లు చూస్తారన్న సరదా కూడా ఉంది, దాచడమెందుకు.

బరంపురం బాబాయ్:
బాబూ, టోరెంట్ సంగతి ముందు తేల్చేద్దాం. గాలికి దానికి తిరుగులేదు. కానీ పవర్ సప్లై పైన కూర్చుంటుంది, కాబట్టి పైన రేడియేటర్ పెట్టే వీల్లేదు. నీ ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 230 వాట్లు, కార్డు 320. కనీసం రెండు 360 రేడియేటర్లు (మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వరసగా పట్టేవి) కావాలి. ఈవోలో పైన, పక్కన, కింద మూడు చోట్లా 360 పడుతుంది.

అయితే స్పెక్ షీట్ చూసి మురిసిపోకు. 30 మిల్లీమీటర్ల మందం రేడియేటర్‌కి 25 మందం ఫ్యాన్ కలిపితే 55. 45 మందంది కొంటే 70. ఆ 70 కింద మదర్‌బోర్డు హీట్‌సింక్, ప్రాసెసర్ పవర్ ప్లగ్గులు తగలకుండా ఉంటాయా? నేనైతే అట్టపెట్టె కోసి ఆ కొలతల్లో డమ్మీ చేసి చూసుకుంటాను. మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనీ.

ఇంకోటి. నీళ్లు గది కంటే చల్లబడవు. గది 38 ఉండి, లోడ్‌లో మరో 10 ఎక్కితే 48. లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకి నీటి వేడి పై హద్దు 60. అందుకే రేడియేటర్ల దగ్గర పిసినారితనం వద్దు. పీఈటీజీ (గట్టి ప్లాస్టిక్) గొట్టాలు వేడికి మెత్తబడతాయి, నల్ల ఈపీడీఎం (రబ్బరు) ట్యూబు వేసెయ్. కస్టమర్లకి అందంగా ఉండదు, సర్దుకోమను.

పర్లాకిమిడి పిల్లోడు:
బాబాయ్, మూడూ నింపేయమంటే మాత్రం నేనొప్పుకోను. ఈవో కింద నుంచే గాలి పీలుస్తుంది, నేల మీద పెడితే స్టూడియో దుమ్మంతా లోపలికే. అన్నా, బల్ల మీద పెట్టండి. కింద రేడియేటర్ మానేస్తే డ్రెయిన్ వాల్వ్‌కి (నీళ్లు బయటికి వదిలే కుళాయి) చోటు దొరుకుతుంది. అది లేకపోతే నీళ్లు మార్చేటప్పుడు కేస్‌ని పిల్లాడిలా ఎత్తి వంచాలి.

రాయగడ స్టూడియో:
సరే, ఈవోనే. పైన 30 మందం, పక్కన 45, కింద ఉత్త ఫ్యాన్లు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లు ఇందులో వాడొచ్చా?

బరంపురం బాబాయ్:
డబ్బా మీద డిస్టిల్డ్ అనో డీమినరలైజ్డ్ అనో ఉంటే చాలు. పాచి, తుప్పు పట్టకుండా లూపులకి వాడే మందు మాత్రం కలుపు. చవకని అల్యూమినియం రేడియేటర్ తెచ్చుకోకు, రాగి బ్లాకులతో ఒకే లూపులో కలిస్తే ఆ అల్యూమినియం తుప్పు పట్టి తినుకుపోతుంది. నింపాక మదర్‌బోర్డుకి కరెంట్ ఇవ్వకుండా పంపు ఒక్కటే రోజంతా తిప్పు. ప్రతి జాయింట్ కిందా టిష్యూ పేపర్ పెట్టు. తడి తగిలిందో, వెంటనే ఆపెయ్.