అక్కకు సీఏ 19-9 (క్లోమ క్యాన్సర్‌లో పెరిగే రక్త సూచిక) ఎక్కువ వచ్చింది, ఇప్పుడేం చేయించాలి?

అందరికీ నమస్కారం. మా నాన్న 2019లో క్లోమ క్యాన్సర్‌తో పోయారు. కామెర్లు వచ్చి బయటపడేసరికే కాలేయానికి పాకింది. అంతకు ఏడాది ముందే ఆయనకు కొత్తగా షుగర్ వచ్చింది. మేకుతో బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకుంటుంటే, షుగర్ వల్ల చిక్కిపోయారులే అనుకున్నాం.

ఇప్పుడు అక్కకు 53. మూడు నెలల క్రితం షుగర్ బయటపడింది, నాలుగు కిలోలు తగ్గింది. భయమేసి రక్తపరీక్ష చేయిస్తే సీఏ 19-9 విలువ 58 వచ్చింది. 37 లోపు ఉండాలట. పిత్తాశయంలో రాళ్లున్నా, క్లోమం వాచినా ఇది పెరుగుతుందట. కొందరి ఒంట్లో అసలు తయారే కాదట. మరి ఈ అంకెను ఎంతవరకు నమ్మాలి?

రక్తంలో కణితి డీఎన్ఏను పట్టే పరీక్షల గురించి కూడా చదివాను. తొలి దశలో రక్తంలోకి చేరేదే చాలా తక్కువ కదా, అందులో ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండొచ్చా? లేక నేరుగా ఎంఆర్ఐ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం పంపి చేసే స్కాన్) అడగాలా? వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు ఉందేమో చూసే బీఆర్‌సీఏ2 జన్యుపరీక్ష మా ఇద్దరికీ అవసరమా?

మేం ఖమ్మంలో ఉంటాం, హైదరాబాద్ రాగలం. ఇంట్లో ఇలా జరిగినవాళ్లు ముందు గ్యాస్ట్రో డాక్టరును కలిశారా, క్యాన్సర్ డాక్టరునా? దయచేసి చెప్పండి. టెన్షన్‌తో అక్క సరిగా నిద్రపోవడం లేదు.