షెనాండోవా నదిలో పట్టిన స్మాల్‌మౌత్ బాస్ చేపని వదిలేయాలా, వండుకోవాలా?

నదివాలు:
పోయిన శనివారం నేనూ మా ఫ్రెండూ వర్జీనియాలో లూరే దగ్గర షెనాండోవా నది సౌత్ ఫోర్క్ పాయలో కనూ వేసుకుని దిగువకి వెళ్లాం. వెనక ఒకడు తెడ్డుతో పడవని ఒడ్డుకి నలభై అడుగుల దూరంలో నిలపాలి, ముందు కూర్చున్నవాడు ఫ్లై రాడ్ (పురుగులాంటి నకిలీ ఎర, అంటే ఫ్లై, విసిరే గాలం కర్ర) వేయాలి, గంటకోసారి చోటు మారాలి, అదీ మా ఒప్పందం. మధ్యాహ్నం మావాడి వంతు. రాతి మెట్టు దాటాక నీళ్లు సుడి తిరిగే చోట పాపర్ (నీటి మీద తేలుతూ లాగితే చప్పుడు చేసే ఫ్లై) వేశాడు. రెండుసార్లు గుబుక్కుమనిపించి, నీటి మీద వలయాలు సద్దుమణిగేదాకా కదపకుండా ఉంచాడు. అప్పుడు కొట్టింది చేప. మూడుసార్లు గాల్లోకి లేచింది. వలలోకి తీసి కొలిస్తే పదిహేడు అంగుళాలు. ఒళ్లంతా ఇత్తడి రంగు, నిలువు చారలు, ఎర్రటి కన్ను.

వాడు "ఉంచరా, ఉంచరా" అంటూనే ఉన్నాడు, నేను గాలం తీసి నీళ్లలోకి వదిలేశా. అంతే, సాయంత్రం దాకా మాటల్లేవు. కారులో మాత్రం ఒక మాట అన్నాడు: "తినే ఉద్దేశం లేనప్పుడు గాలం ఎందుకు వేస్తావు? మా తాత గోదావరిలో బతకడానికి పట్టాడురా, చేపతో ఆడుకోవడానికి కాదు." వాళ్లది యానాం దగ్గర. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా వదిలేయడమే కరెక్ట్ అని నా నమ్మకం. మీరేమంటారు?

పులుసుముక్క:
మీ ఫ్రెండ్‌దే న్యాయం. లైసెన్స్ ఉంది, రాష్ట్రం మొత్తానికి వర్తించే రూల్ ప్రకారం రోజుకి ఐదు బాస్ ఉంచుకోవచ్చు, మీ స్ట్రెచ్‌లో సైజు రూల్ ఏదన్నా ఉందేమో చూసుకుంటే చాలు. పైగా ఈ చేప ఆ నదిలో పుట్టింది కూడా కాదు. 1854లో ఓహియో వైపు నుంచి, రైలింజన్ వెనక నీళ్ల ట్యాంకులో వేసి తెచ్చి, కంబర్లాండ్ దగ్గర కాలువలో వదిలారు, అక్కడి నుంచి పొటోమాక్ నది అంతా పాకి షెనాండోవాలోకి ఎక్కింది. మనుషులు తెచ్చి వేసిన చేపని మనుషులు తింటే నష్టమేంటి? పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న ఊళ్ల నుంచి వచ్చినవాడి చేతిలోని చేపని అడక్కుండా వదిలేయడం మాత్రం తప్పు అన్నా.

బ్లూరిడ్జ్ అక్క:
రుచి సంగతి, న్యాయం సంగతి తర్వాత. ఆ నదిలో పాదరసం ఉందండి! ఎగువన వేన్స్‌బరోలో డుపాంట్ ఫ్యాక్టరీ నుంచి 1929-1950 మధ్య పాదరసం సౌత్ రివర్‌లోకి పోయింది, అదే నీళ్లు సౌత్ ఫోర్క్‌లో కలుస్తాయి. ఫ్యాక్టరీ దాన్ని వాడటం మానేసి డెబ్బై ఏళ్లు దాటింది, అయినా ఒడ్డున మట్టిలో ఇంకా ఉంది, వరద వచ్చినప్పుడల్లా గట్టు కోసుకుపోయి మళ్లీ నీళ్లలో పడుతుంది. 2016లో దాదాపు 5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ అయింది. సౌత్ ఫోర్క్ చేప నెలకి రెండు పూటలు మించి తినొద్దని, గర్భిణులు, చిన్నపిల్లలు అసలు ముట్టొద్దని వర్జీనియా ఆరోగ్య శాఖ సలహా. చింతపండు వేసి ఎంతసేపు ఉడికించినా పోదు, అది కండలోనే ఉంటుంది. చేప ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. పదిహేడు అంగుళాలదాన్ని మా ఇంట్లో అయితే వండనివ్వను.

ఉప్పాడ తీరం:
అక్కా, తినకూడని చేప అయితే పట్టకుండా ఉండాలి కదా, పట్టి వదిలేయడం దానికి జవాబు ఎలా అవుతుంది? 2003లో స్కాట్లండ్‌లో శాస్త్రవేత్తలు ట్రౌట్ పెదాలకి ఎసిటిక్ యాసిడ్ ఎక్కిస్తే అవి తిండి మానేసి, మూతిని గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. దాన్ని నొప్పి అనొచ్చా లేదా అని ఇప్పటికీ వాదిస్తున్నారు, నాకైతే అనుమానం లేదు. స్విట్జర్లాండ్‌లో వదిలేయాలన్న ఉద్దేశంతో గాలం వేయడం చట్టప్రకారమే నిషేధం. యానాం తాత మాటా అదే కదా. మా ఇంట్లోనూ అదే మాట విని పెరిగాను.

అరిజోనా తెలుగు:
ఏ నది అన్నది ముందు చెప్పుకోవాలి. మా కొలరాడో నదిలో 2022లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ దిగువన స్మాల్‌మౌత్ పిల్లలు పెడుతోందని తేలింది. కింద గ్రాండ్ కాన్యన్‌లో హంప్‌బ్యాక్ చబ్ అనే అరుదైన చేపకి అది ముప్పు. 2024లో స్మాల్‌మౌత్ గుడ్లు పెట్టకుండా చేయడానికి డ్యామ్ అడుగు నుంచి చల్లటి నీళ్లు వదిలారు. అక్కడ పట్టి వదిలేస్తే దయ అనరు.

నదివాలు:
అందరివీ రెండేసి సార్లు చదివాను. ముందు ఒకటి ఒప్పుకోవాలి, ఆ చేప వాడిది, వాడిని అడగాల్సింది. నిన్న రాత్రి ఫోన్ చేసి అదే చెప్పా.

కానీ ఉప్పాడ గారూ, ఆటకోసం వదిలేస్తున్నానని మీరంటే ఒప్పుకోలేను. ఈ నదిలో పన్నెండు అంగుళాలు ఎదగడానికే నాలుగైదేళ్లు పడుతుంది, పదిహేడంటే అది ఎన్ని వరదలు, ఎన్ని ఎండలు తట్టుకుందో ఆలోచించండి. ఆ సైజు చేపలు పోతే వాటి చోటు నిండటానికి ఏళ్లు కావాలి. నేను గాలానికి వెనక్కి తిరిగిన చిన్న ముల్లుని ప్లయర్‌తో నొక్కేసి వేస్తా, చేపని నీళ్లలోనే ఉంచి తీస్తా, మొప్పల జోలికి వెళ్లను. ఫ్లై కాబట్టి దాదాపు ఎప్పుడూ పెదవికే పడుతుంది, వానపాములా మింగేయదు. ఆగస్టులో నీళ్లు బాగా వేడెక్కితే రాడ్ ఇంట్లోనే ఉంటుంది. ఇంకోటి, వర్జీనియాలో బాస్‌కి మూసివేత సీజన్ లేకపోయినా, గూళ్ల మీద ఉన్న చేపల జోలికి నేను పోను. నీళ్లు 60 ఫారన్‌హీట్ దాటాక మగ చేప తోకతో గులకరాళ్లు ఊడ్చి పళ్లెం లాంటి గూడు చేస్తుంది, గుడ్లకి తనే కాపలా. దాన్ని పట్టి రెండు నిమిషాల్లో వదిలేసినా, ఆలోపు బ్లూగిల్ అనే చిన్న చేప వచ్చి గుడ్లు తినేస్తుంది. కళ్లారా చూశాను, ఆ రోజు నుంచి మానేశాను. అరిజోనా అన్న చెప్పింది నిజం, అక్కడైతే నేనూ వదలను.

మావాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "అక్టోబరులో వస్తా, కానీ ఒక చిన్న చేప ఉంచుకుంటా, పెద్దవి నువ్వే వదులుకో" అన్నాడు. సరే అన్నా. చిన్నదాంట్లో పాదరసమూ తక్కువే, పెద్దవి నదిలో మిగులుతాయి.

పులుసుముక్క:
ఇది బాగుంది. తల పారేయొద్దని చెప్పండి, పులుసుకి రుచంతా అక్కడే.

బ్లూరిడ్జ్ అక్క:
ఆయన ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? ఉంటే ఆ ఒక్క చేపైనా వాళ్ల కంచంలో వేయొద్దని ముందే చెప్పండి.