ఫోల్డర్లలో ఉన్న ఫోల్డర్లన్నిటిలో కలిపి లైన్లు లెక్కపెట్టడం ఎలా? టోటల్ మూడుసార్లు వస్తోంది

కొత్తకోడర్:
ఒక పాత పైథాన్ ప్రాజెక్ట్ నా నెత్తిన పడింది, ఫోల్డర్లో ఫోల్డర్, దాన్లో ఇంకోటి, మొత్తం కోడ్ ఎన్ని లైన్లుందో చెప్పమన్నారు. ఉత్త డబ్ల్యూసీ -ఎల్ *.పీవై (లైన్లు లెక్కేసే కమాండ్) కొడితే పై ఫోల్డర్ ఒక్కటే లెక్కేస్తోంది. అందుకని ఫైండ్ . -నేమ్ '*.పీవై' | ఎక్స్‌ఆర్గ్స్ డబ్ల్యూసీ -ఎల్ | టెయిల్ -1 (ఆఖరి లైన్ ఒక్కటే చూపించేది) అని కొట్టా, 18,412 అంది. డౌటొచ్చి టెయిల్ తీసేసి చూస్తే మధ్యమధ్యలో టోటల్ అని మూడు చోట్ల ఉంది! కొన్ని ఫైళ్లకైతే అలాంటి ఫైలే లేదంటోంది, కళ్లెదురుగా కనిపిస్తుంటే. లైనక్స్, బ్యాష్.

షెల్‌పిచ్చి:
ఫైళ్లు మరీ ఎక్కువైతే, ఫైండ్ తెచ్చిన పేర్లని డబ్ల్యూసీకి అందించే ఎక్స్‌ఆర్గ్స్ అన్నీ ఒకేసారి ఇవ్వదు, విడతలుగా ఇస్తుంది, ప్రతి విడతకీ డబ్ల్యూసీ కొత్తగా మొదలై తన టోటల్ తను వేస్తుంది. మీకొచ్చిన 18 వేలు ఆఖరి విడతది మాత్రమే. ఫైల్ లేదనడం పేర్లలో స్పేస్ ఉండడం వల్ల, స్పేస్ దగ్గర పేరుని రెండు ముక్కలు చేసేస్తుంది. ఇది కొట్టండి:

ఫైండ్ . -నేమ్ '*.పీవై' -ఎగ్జెక్ క్యాట్ {} + | డబ్ల్యూసీ -ఎల్

ఫైళ్లలో ఉన్నదంతా బయటికి పోసే క్యాట్ ఎన్ని విడతలుగా నడిచినా అంతా ఒకే పైపులోకి పోతుంది కాబట్టి నంబర్ ఒక్కటే వస్తుంది, స్పేస్ గొడవా ఉండదు. కోట్స్ మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే ఆ * గుర్తుని ఫైండ్ దాకా పోనివ్వకుండా షెల్లే విప్పేస్తుంది, మీరున్న ఫోల్డర్లో ఒక్క .పీవై ఫైల్ ఉంటే ఆ పేరున్న ఫైళ్లనే వెతుకుతుంది, ఎర్రర్ కూడా రాదు. నేను దీంతో ఒక పూట పోగొట్టుకున్నా.

కొత్తకోడర్:
థాంక్స్ అండి, ఒకే నంబర్ వచ్చింది కానీ 16 లక్షలు అంటోంది!! మా టీమ్ అంతా కలిసి జన్మంతా రాసినా అంత కాదు

గిట్‌రాయుడు:
హహ, లోపల వీఎన్వ్ ఫోల్డర్ ఉండుంటుంది, అందులో లైబ్రరీల కోడ్ అంతా మీ ఖాతాలో పడింది. గిట్‌లో (కోడ్ మార్పుల రికార్డు ఉంచే టూల్) ఉన్న ప్రాజెక్టయితే ఫైండ్ ఎందుకసలు

గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -జెడ్ '*.పీవై' | ఎక్స్‌ఆర్గ్స్ -0 క్యాట్ | డబ్ల్యూసీ -ఎల్

గిట్ ట్రాక్ చేసే ఫైళ్లే వస్తాయి, సబ్‌ఫోల్డర్లతో సహా. గిట్ లేకపోతే ఫైండ్‌లోనే -నేమ్ ముందు -నాట్ -పాత్ '*/వీఎన్వ్/*' అని పెట్టుకోండి.

షెల్‌పిచ్చి:
అవును, వీఎన్వ్ సంగతి నాకు తట్టలేదు. ఇంకోటి, డబ్ల్యూసీ లెక్కేసేది న్యూలైన్ క్యారెక్టర్లని, చివర ఎంటర్ కొట్టకుండా సేవ్ చేసిన ఫైలుకి ఒక్కో లైన్ తగ్గుతుంది. ఖాళీ లైన్లు వద్దనుకుంటే డబ్ల్యూసీ -ఎల్ బదులు గ్రెప్ -సీ '[^[:స్పేస్:]]' పెట్టండి.

కొత్తకోడర్:
గిట్‌ది కొడితే 41,306. వీఎన్వ్ నిజంగానే ఉంది, ఎవరు పెట్టారో మహానుభావుడు